పేజీ అంచున రాసుకున్నవి

ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో ముందు పుస్తకాలకి స్నానం, ఆ తర్వాతే మనుషులకి. పొద్దున్నే తలకో గుడ్డ, ముక్కుకో గుడ్డ కట్టుకుని నేను స్టూలెక్కుతాను. పై అర నుంచి మొదలుపెట్టాలి. పొడి గుడ్డతో ఒకసారి, మెత్తటి బ్రష్షుతో ఇంకోసారి. అట్ట మీద బంగారు అక్షరాలుంటే గుడ్డ తగలనివ్వకూడదు. వెండి రంగు పురుగు కనిపిస్తే అక్కడే నలపకూడదు, మరక పడుతుంది. ఉఫ్ మని ఊది, కింద పడ్డాక అప్పుడు తొక్కాలి. అరకి నాలుగు నాఫ్తలిన్ ఉండలు. తీసిన పుస్తకం తీసిన చోటే పెట్టాలి. తుడిచేటప్పుడు తెరిచి చూడకూడదు. ఈ రూల్సన్నీ మా ఆయనవి. ఆయన కాలేజీలో లెక్చరర్, బయటంతా 'పుస్తకాల మాస్టారు' అంటారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ బీరువాల ముందు నిలబడి, "అబ్బ, ఎంత బాగా పెట్టుకున్నారండీ! ఒక్క రవ్వ దుమ్ము లేదు!" అంటారు. ఆయన మెత్తగా నవ్వి, "పుస్తకాన్ని ప్రేమించాలండీ, అంతే" అంటారు. ఇరవై నాలుగేళ్ళుగా ప్రేమ ఆయనది, తుమ్ములు నావి.

పెళ్ళైన కొత్తలో నేనూ ఆ పుస్తకాలు చదివేదాన్ని. ఒక నవలలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయి, పెన్సిల్ తీసి పక్కన చిన్న అక్షరాలతో 'నిజం, నాకూ ఇలాగే ఉంటుంది' అని రాశాను. మూడో రోజు ఆయన చూశారు. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, గొడవై పోయేది. ఆయన కోప్పడలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, రబ్బరు తెచ్చి, కాగితం నలక్కుండా ఎలా చెరపాలో చూపించారు. "పుస్తకాల మీద రాసేవాళ్ళకీ గోడల మీద రాసేవాళ్ళకీ తేడా లేదు" అని చెప్పి, పొడి ఊది, పుస్తకం మళ్ళీ అరలో పెట్టారు. ఆ తర్వాత ఆయన పుస్తకాలు ముట్టుకోవాలంటే నాకు దుమ్ము గుడ్డ ఒకటే దారి అయింది. చేతులు తడిగా ఉన్నాయనో, పేజీ మడత పడిందనో, అడక్కుండా తీశాననో ఏదో ఒకటి వినాల్సి వచ్చేది. చదవడం మానేశాను అనే అనుకున్నారు అందరూ.

మానలేదు. ఆరేళ్ళ కిందట మా అమ్మాయి నా ఫోన్లో చదివే యాప్ ఒకటి పెట్టిచ్చింది. అప్పటినుంచి నా పుస్తకాలు నా అరచేతిలో ఉన్నాయి. పాలు పొంగేలోపు రెండు పేజీలు, మిషన్లో బట్టలు తిరిగేలోపు ఒక అధ్యాయం, బస్సులో నిలబడి ఇంకొకటి. లైటు అక్కర్లేదు, బల్ల అక్కర్లేదు, ఒక బొటనవేలు చాలు. ఎవరైనా పిలిస్తే ఫోన్ బోర్లా పెట్టేస్తాను, వచ్చాక అది నా పేజీ దగ్గరే ఆగి ఉంటుంది. కాని చూసేవాళ్ళకి అది చదువు కాదు కదా! మా ఆయన చేతిలో కాగితం పుస్తకం ఉంటే మా అత్తయ్య వేలు పెదాల మీద పెట్టి, "ష్, వాడు చదువుకుంటున్నాడు, కదిలించకు" అంటుంది. నా చేతిలో అదే నవల ఉన్నా సరే, "ఎప్పుడు చూసినా ఆ ఫోనే! ఏముంటుందమ్మా అందులో అంతలా?" అంటుంది. ఒకసారి ఇద్దరం ఒకే వారం ఒకే నవల చదివాం, ఆయన వాలుకుర్చీలో, నేను స్టవ్ ముందు నిలబడి. ఆయనకి కాఫీ, నాకు చీవాట్లు వచ్చాయి. ఇక ఆయన సంగతి చెప్పక్కర్లేదు. "తెర మీద చదవడమంటే భోజనం ఫోటో చూసి కడుపు నింపుకోవడమే" అని మీటింగుల్లో అంటుంటారు. జనం చప్పట్లు కొడతారు. ఆ మాటలున్న కాగితం టైపు చేసి ఇచ్చింది ఎప్పుడూ నేనే.

నా ఉద్యోగం కూడా ఆ తెరల్లోనే. పాత పుస్తకాల పేజీలు స్కాన్ చేసి ఈ-బుక్కులుగా మార్చే ఆఫీసు మాది. మిషను అక్షరాలు చదువుతుంది, కాని తప్పులు చదువుతుంది. చెదలు తిన్న చోట కామా పెడుతుంది, మరక ఉన్న చోట కొత్త మాట పుట్టిస్తుంది. పేజీ పక్కన పేజీ పెట్టుకుని అవి దిద్దడం నా పని. "మీదేముంది మేడం, కూర్చుని చదువుకునే ఉద్యోగం, అదృష్టవంతులు" అంటాడు మా మేనేజరు. నేను దిద్దిన పుస్తకాలు ఎన్నో దుకాణానికి వెళ్ళాయి, ఒక్కదాని మీదా నా పేరు ఎక్కడా ఉండదు. అయినా పనంటే ఇష్టమే. అచ్చు ఆగిపోయి ఎక్కడా దొరకని పుస్తకాలు నా చేతుల మీదుగా మళ్ళీ లేచి కూర్చుంటాయి. దిద్దిన పుస్తకాన్ని తర్వాత నా యాప్‌లో కొనుక్కుని, ఈసారి తప్పుల కోసం కాకుండా నా కోసం చదువుకుంటాను. ఆ యాప్‌లో ఒక సుఖం ఉంది. వాక్యం మీద వేలు పెడితే రంగు గీత పడుతుంది, పక్కన ఏదైనా రాసుకోవచ్చు. ఒక చిన్న పసుపు గుర్తు మాత్రం కనిపిస్తుంది. అది నొక్కితేనే రాసింది తెరుచుకుంటుంది. ఎవరికీ చెప్పుకోలేనివి, పోట్లాడలేనివి, ఏడవలేనివి అన్నీ అక్కడ రాసుకున్నాను.

ఇలా ఉండగా మా ఆయన కంట్లో పొర మొదలైంది. డాక్టరు, "ఆపరేషన్‌కి ఇంకా టైముంది. అప్పటిదాకా చిన్న అక్షరాలతో కుస్తీ పట్టకండి" అన్నాడు. నెల రోజులు మనిషి విలవిల్లాడిపోయారు. అబద్ధమెందుకు, జాలేసింది. వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పోయిన ఆదివారం వచ్చి, ఆయన చేతిలో ఒక ట్యాబ్ పెట్టి, అక్షరాలు ఎలా పెద్దవి చెయ్యాలో చూపించింది. ఆయన ముందు ముఖం ముడుచుకున్నారు. గంట తర్వాత చూస్తే ఒక్కో అక్షరాన్ని చిక్కుడుగింజంత చేసుకుని హాయిగా చదువుతున్నారు. నాకూ సంతోషమే అనిపించింది.

బుధవారం భోజనం టైములో మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్న చదువుతున్నారా?" అంది.

"వదలట్లేదే. రాత్రి కూడా తల దగ్గరే పెట్టుకుంటున్నారు."

"నేను చెప్పానా! అమ్మా, నీ అకౌంటే పెట్టేశాను అందులో. ఉన్న పుస్తకాలు మళ్ళీ కొనడం ఎందుకని."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నా అకౌంటంటే... నా పుస్తకాలన్నీ కనిపిస్తాయా?"

"అన్నీ. నువ్వు గీసిన గీతలు, రాసుకున్నవి, అన్నీ వస్తాయి. ఏం, ఏదైనా ఉందా?"

"ఏముంటుందే" అని పెట్టేశాను. కొంప మునిగింది అనుకున్నాను. ఆరేళ్ళ నా లోపలంతా తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది నా కూతురు, పుస్తకాలు రెండుసార్లు కొనడం దండగ అని. ఆయన కొట్టే మనిషి కాదు, అరిచే మనిషీ కాదు. నా భయం అది కాదు. ఆయన నవ్వుతారు. స్నేహితులొచ్చినప్పుడు, "మా ఆవిడ గొప్ప విమర్శకురాలండోయ్" అంటారు. ఒక్కో మాటా నిదానంగా తీసి, ఇది ఎందుకు తప్పో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెబుతారు. ఆ తర్వాత నాకు రాసుకునే చోటు ఈ ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు.

గురువారం ఆఫీసులో అందరూ భోజనానికి లేచాక, నేను ఫోన్ తీసి అన్నీ చెరిపేద్దామని కూర్చున్నాను. ఇక్కడ చెరిపితే అక్కడా పోతాయి. ఒకేసారి అన్నీ తీసేసే దారి ఉందో లేదో నాకు తెలియదు, ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను. నొక్కేముందు చదవకుండా ఉంటే బాగుండేది. 'ఈ పేజీ నాలుగోసారి మొదలుపెట్టాను. మూడుసార్లు పిలిచారు.' అది చెరిపాను. 'ఈ కథలో ఆమెకి జ్వరం వస్తే ఇల్లంతా కంగారు పడింది. రచయిత మగవాడు, చూడగానే తెలిసిపోయింది.' నాకే నవ్వొచ్చింది, అయినా చెరిపాను. 'ఈ రోజు ఆఫీసులో నేను దిద్దిన పుస్తకానికి మేనేజరుని మెచ్చుకున్నారు. నేను కూడా చప్పట్లు కొట్టాను.' ఇలా పదకొండు చెరిపాను. పన్నెండో దాని దగ్గర వేలు కదల్లేదు. అది మా అమ్మ పోయిన వారంలో రాసుకున్నది. అప్పుడు ఇల్లంతా చుట్టాలు, అందరికీ వండి పెట్టడంలో నాకు ఏడవడానికి టైము దొరకలేదు, ఒక నవలలో ఎవరో ముసలావిడ చనిపోతే ఆ పేజీ పక్కన అమ్మ గురించి రాసుకున్నాను. దాన్ని నా చేత్తో నేను తుడిచెయ్యడమా? ఫోన్ సంచిలో పడేశాను. ఏమైతే అయింది అనుకున్నాను కాని, అనుకున్నంత సులువుగా ఉంటుందా ఎక్కడైనా!

ఇంట్లో ఆయన్ని దొంగని పోలీసు చూసినట్టు చూస్తున్నాను. దొంగని నేనే అయినా సరే. చదువుతూ చదువుతూ ఆయన "ఊఁ" అంటారు, నా గుండె జారిపోతుంది. ఒక్కోసారి కళ్ళజోడు మీంచి నా వైపు చూస్తారు. ఏదో అడగబోయి మానేస్తారు. శుక్రవారం భోజనం అయ్యాక ఒక ఘోరం జరిగింది. ఆయన లేచి, తన ప్లేటు తనే తీసుకెళ్ళి సింకులో పెట్టారు. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి! నా పైప్రాణాలు పైనే పోయాయి. చదివేశారు, అంతా తెలిసిపోయింది, అందుకే ఇలా వెక్కిరిస్తున్నారు అనుకున్నాను. మా అత్తయ్య అయితే, "ఏరా, ఒంట్లో బాగుందా?" అని కొడుకు నుదురు పట్టుకుని చూసింది.

ఈ ఆదివారం మామూలుగానే స్టూలెక్కాను. ఆయన వాలుకుర్చీలో ట్యాబ్‌తో ఉన్నారు. సాయంత్రం చదువరుల సంఘంలో 'కాగితమా, తెరా' అని మీటింగు, ఆయనే ముఖ్య వక్త. అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని బీన్స్ తరుగుతోంది.

"ఇదిగో, ఆ గుడ్డ అక్కడ పడేసి ఒకసారి ఇలా రా" అన్నారు.

స్టూలు దిగాను. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఈ పక్కన చిన్న పసుపు గుర్తులున్నాయి చూడు. ఏమిటో అనుకుని మొన్న నొక్కాను."

దుమ్ము గుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది, దాన్నే మడతలు పెడుతున్నాను.

"ఎవరో రాసింది. ఈ యాప్‌లో అంతే అనుకుంటా, చదివినవాళ్ళు రాసిన మాటలు అందరికీ కనిపిస్తాయి. కొన్ని చోట్ల 'ఇంతమంది గీత గీశారు' అని కూడా చూపిస్తోంది. కాని ఈమె ఒక్కతే పుస్తకమంతా రాసిపెట్టింది. ఆడమనిషే. ఎవరో గాని, గట్టి మనిషి!"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక గుండెల మీది బండ ఎవరో రెండు చేతులతో ఎత్తి అవతల పడేసినట్టయింది. ఆయనకి తెలియలేదు! చదివారు, అన్నీ చదివారు, అయినా తెలియలేదు! నవ్వు తన్నుకొచ్చింది. ముక్కుకి కట్టిన గుడ్డ ఇంకా విప్పలేదు కాబట్టి బతికిపోయాను, గొంతులోకి దుమ్ము పోయినట్టు దగ్గుతూ కళ్ళు తుడుచుకున్నాను.

"ఇది విను" అని ఆయన చదవడం మొదలుపెట్టారు. "'మా ఇంట్లో రెండు వేల పుస్తకాలున్నాయి. ఒక్కదాంట్లోనూ నాకు గీత గీసుకునే చోటు లేదు.'" చదివి తలెత్తి, "రెండు వేలట. మనవి మూడు వేలు దాటాయి కదూ?" అన్నారు, కాస్త గర్వంగా.

"దాటాయండి" అన్నాను.

"ఇంకోటి. 'ఈ నవలలో భర్త కొట్టడు, తిట్టడు, తాగడు. ఆమె మాట్లాడుతుంటే పేజీ తిప్పుతాడు. అందరూ ఆమెది అదృష్టం అంటారు.' చూశావా దెబ్బ! ఆ మొగుడెవడో గాని, పక్కనున్న మనిషి మాట వినే ఓపిక లేనివాడికి పుస్తకాలెందుకు చెప్పు? ఈమె రాసినవి చదివాకే మొన్న నా ప్లేటు నేనే తీశాను. చూశావో లేదో."

"చూశానండి."

బీన్స్ తరిగే చప్పుడు ఆగిపోయింది. అత్తయ్య కత్తి పట్టుకుని కొడుకుని కాదు, నన్ను చూస్తోంది.

"అసలు ఈ నవల ఎక్కడా దొరక్కుండా పోయింది, ఇందులో చక్కగా ఉంది. ఎవరో బాగా దిద్దారు కూడా" అన్నారాయన. "సాయంత్రం ఈమె రాసిందే చదువుతాను. కాగితం, తెర అని మనం కొట్టుకుంటున్నాం గాని, చదివే మనిషి ఎక్కడైనా చదువుతుంది అని చెబుతాను. ఆ పేజీ తిప్పే ముక్క పెద్ద అక్షరాల్లో టైపు చేసిపెట్టు. కింద 'అజ్ఞాత పాఠకురాలు' అని వెయ్యి."

లోపలికి వచ్చి గుడ్డ విప్పి ముఖం కడుక్కున్నాను. ఎంత హాయిగా ఉందో! నాలుగు రోజులుగా పట్టిన మెడ ఒక్కసారిగా వదులైంది. నా రహస్యం నా దగ్గరే ఉంది, పైగా చప్పట్లు కూడా రాబోతున్నాయి. ఇంకేం కావాలి అనుకున్నాను. అనుకుని ఊరుకోవచ్చు. కాని సబ్బు నురగ కడుగుతుంటే ఒక మాట తట్టింది. ఇరవై నాలుగేళ్ళు పక్కన పడుకున్న మనిషి నా మాటని మెచ్చుకున్నాడు, అది నాదని కలలో కూడా అనుకోలేకపోయాడు. మాట బాగుంటే చాలు, అది మా ఆవిడది అయ్యుండదు అని ఆయనకి అంత నమ్మకం. దానికి ఏడవాలా? ఆ నమ్మకం వల్లే కదా ఇప్పుడు నేను ఊపిరి పీల్చుకుంటున్నాను!

అత్తయ్య బీన్స్ పళ్ళెం పట్టుకుని వెనకే వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, "అమ్మాయ్, అది నువ్వే కదూ?" అంది.

నేను కుళాయి కట్టేశాను.

"నేను విన్నానుగా. ఆ విసురు నీదే. వాడికి తెలియలేదంటావా?"

"తెలియలేదత్తయ్యా."

"వాళ్ళ నాన్నకైతే వినపడేది కూడా కాదు" అని పళ్ళెం గట్టు మీద పెట్టింది. "ఇన్నాళ్ళూ ఫోన్ చూస్తున్నావనుకున్నాను. చదువుతున్నానని ఒక్క ముక్క చెప్పొచ్చు కదే?"

"చెబితే ఏమనేవారు?"

"ఇంకో పని చెప్పేదాన్నిలే" అని ఒప్పుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "నా గురించి కూడా రాశావా?" అంది.

"రాశానత్తయ్యా."

"మంచిగానా?"

"అంత మంచిగా ఏం లేదు."

ఆవిడ నవ్వింది. పళ్ళు లేని చోట కూడా కనిపించేలా నవ్వింది. "ఉండదు, నాకు తెలుసు. నాకూ చెప్పుకోవడానికి చాలా ఉండేవి. ఎక్కడ రాసుకోవాలో తెలియక అన్నీ నీ మీద అరిచాను. అజ్ఞాతా లేదు, గిజ్ఞాతా లేదు. నువ్వు పేరు పెట్టు" అని బీన్స్ కడగడానికి తనే కుళాయి తిప్పింది.

కంప్యూటరు ముందు కూర్చుని ఆ మూడు వాక్యాలూ టైపు చేశాను. నా వాక్యాలు అంత పెద్ద అక్షరాల్లో నేనే ఎప్పుడూ చూడలేదు. కింద ఆయన చెప్పినట్టే 'అజ్ఞాత పాఠకురాలు' అని కొట్టాను. కొట్టి, దానివైపు చూస్తూ కూర్చున్నాను. ఎవరామె? ఇంత రాసి, ఇంత భయపడి, చివరికి ఊరూ పేరూ లేకుండా ఆయన మీటింగుకి వెళ్ళే మనిషి ఎవరు? ఆ రెండు మాటలూ తీసేశాను. అక్కడ నా పేరు కొట్టాను, ఇంటి పేరుతో సహా, అదీ మా అమ్మా నాన్నల ఇంటి పేరుతో. ప్రింటు తీసి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

"ఒకసారి పైకి చదువుకోండి, లేకపోతే అక్కడ తడబడతారు" అన్నాను.

ఆయన గొంతు సవరించుకుని, మీటింగులో చదివినట్టే చదివారు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగారు. చివరికి వచ్చారు. పేరు చదవడానికి నోరు తెరిచి, తెరిచినట్టే ఉండిపోయారు. కాగితం కంటికి దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు. అక్షరాలు చాలా పెద్దవి. నన్ను చూశారు, వంటింటి గుమ్మంలో నిలబడ్డ వాళ్ళమ్మని చూశారు, మళ్ళీ కాగితం చూశారు. ఆ ముఖంలో చదివిన ఒక్కొక్క వాక్యమూ వెనక్కి తిరిగి, అది ఎవరి గురించో తేల్చుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

"ఇది... అందరి ముందూ నేనెలా చదవను?" అన్నారు.

బుధవారం నుంచి నన్ను నమిలేసిన భయం ఇప్పుడు ఆయన గొంతులో ఉంది. నా దగ్గర కొంచెం కూడా మిగల్లేదు. కోపం కూడా లేదు, తేలిగ్గా ఉంది.

"మీరు చదవక్కర్లేదండీ. నేనూ వస్తున్నాను, నేను రాసింది నేనే చదువుతాను" అన్నాను. "ఇదొక్కటే కూడా కాదు. ఇంకా పద్నాలుగు వందల పైన ఉన్నాయి. ఏవి చదవాలో దారిలో చూసుకుంటాను."